టేబుల్ మీది మనిషికి చెప్పాల్సిన మాట

పోయిన ఏడాది ఉద్యోగం నుంచి దిగిపోయాను. వీడ్కోలు సభలో పీజీ చదివే అమ్మాయి ఒకతె లేచి, "మేడం, మీ సర్వీసులో మొత్తం ఎన్ని లాప్రోస్కోపీలు చేసుంటారు?" అని అడిగింది. లెక్కపెట్టుకోలేదన్నాను. వినయంతో అన్నానని అందరూ నవ్వారు. వినయమేమీ కాదు. ఆపరేషన్ సరిగ్గా జరిగినవాళ్లు మూడోరోజు లేచి ఇంటికి పోతారు, నెల తిరిగేసరికి వాళ్ల ముఖాలు కూడా మనకు గుర్తుండవు. నాకు గుర్తున్నవాళ్లు వేరే. వాళ్లను లెక్కపెట్టి సభలో చెప్పడం కుదరదు.

ముప్పై ఏళ్లకు పైగా అనంతపురం జిల్లా సర్కారు ఆసుపత్రుల్లో ఆడవాళ్ల డాక్టరుగా పనిచేశాను. కొత్తగా వస్తున్న డాక్టర్ల కోసం రాస్తున్నాను గనక బదిలీలు, ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. ఆపరేషన్ ఎలా చేయాలో మీకు పుస్తకాలు, వీడియోలు, మా కంటే మంచి చేయి ఉన్న గురువులు నేర్పుతారు. నాకు ఎవరూ నేర్పనిది, నేను తప్పు చేసి నేర్చుకున్నది ఒకటుంది. అది ఇద్దరు ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. పేర్లు మార్చి వాళ్ల సంగతే రాస్తాను.

పెద్ద మేడం

నేను చేరిన కొత్తలో మాకు మానిటర్లు లేవు. లాప్రోస్కోపు అంటే మూరెడు ఇనుప గొట్టం. బొడ్డు కింద చిన్న గాటు పెట్టి, కడుపులోకి గాలి ఎక్కించి, గొట్టం దించి, దాని పై చివర ఒక కన్ను ఆనించి చూడాలి. నడుం వంచి, రెండో కన్ను మూసుకుని. లోపల ఏముందో చూసేది డాక్టరు ఒక్కతే. పక్కనున్న నర్సుకు గానీ, మత్తిచ్చే డాక్టరుకు గానీ ఏమీ కనిపించదు. మేం ఏం చూశామని చెబితే అదే నిజం.

ఆ పని నాకు నేర్పినావిడను అందరం పెద్ద మేడం అనేవాళ్లం. సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. కుటుంబ నియంత్రణ శిబిరాలు బడి గదుల్లో పెట్టేవాళ్లు. బెంచీలు పక్కకు జరిపి, టేబుళ్లకు కాళ్ల దిక్కున ఇటుకలు ఎత్తుపెట్టి, ఆడవాళ్లను తల కిందికుండేలా పడుకోబెట్టేవాళ్లం. బయట చింతచెట్టు నీడలో చంకబిడ్డలతో ముసలివాళ్లు కూర్చునేవాళ్లు. పెద్ద మేడం వచ్చీ రాగానే ముందు నీళ్ల బకెట్లు చూసేది, తర్వాత పనిముట్లు ఉడికిన పాత్ర చూసేది, ఆ తర్వాతే మనుషుల్ని చూసేది. ఒకసారి నీళ్లు రాలేదని శిబిరం మొత్తం ఆపేసి అందర్నీ వెనక్కి పంపింది. పైనుంచి ఫోన్లు వచ్చాయి. "నీళ్లు లేని చోట కడుపు కోయను" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆమె నాకు రెండు సూత్రాలు చెప్పింది. మొదటిది, "గొట్టంతో కాకపోతే కడుపు తెరువు. తెరవడం ఓటమి కాదు. తెరవకుండా పట్టుబట్టి కూర్చోవడం పొగరు." ఈ మాట నా చేతుల్లో కొన్ని ప్రాణాలు నిలబెట్టింది. మీకూ అదే చెబుతున్నాను. తెర మీద రక్తం తప్ప ఏమీ కనబడనప్పుడు ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకోకండి.

రెండోది, "పేషెంటుకు ధైర్యం చెప్పు, విషయం మాత్రం బయట ఉన్నవాళ్లకు చెప్పు." ఇది తప్పు. తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పెద్ద మేడం మంచిది కాదని దీనర్థం కాదు. ఆమె కాలంలో అందరూ అలాగే చేసేవాళ్లు, ఆమె వాళ్లందరికంటే బాగా చేసేది. అయినా తప్పు తప్పే.

ఓబులమ్మ

యాడికి దగ్గర ఒక పల్లెలో బడి గదిలో శిబిరం. నాకు చేయి కొంచెం తిరిగింది, పెద్ద మేడం పక్క టేబుల్ నాకు వదిలింది. నేను రింగులు వేసినవాళ్లలో ఓబులమ్మ ఒకతె. ఇద్దరు బిడ్డల తల్లి, కూలి మనిషి. ఆపరేషన్ అంటే గర్భనాళాన్ని కొంచెం మడత లాగి ఆ మడతకు చిన్న రబ్బరు రింగు తొడగడం. రెండు పక్కలా రెండు రింగులు. అంతే.

ఏడాదిన్నర తర్వాత ఓబులమ్మ నిండు గర్భంతో మా ఆసుపత్రికి వచ్చింది. నొప్పులు మొదలై చాలాసేపయింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. సిజేరియన్ చేయక తప్పలేదు. పెద్ద మేడం చేస్తుంటే నేను ఎదురు నిలబడ్డాను. ఆడబిడ్డ పుట్టింది, బాగా ఏడ్చింది. గర్భసంచి కుట్టేశాక, ఈసారి నాళాలను కోసి కట్టేద్దామని పెద్ద మేడం వాటిని వెతికింది. ఎడమ నాళం మీద రింగు ఉంది. కుడి నాళం మీద లేదు.

దాని పక్కన, గర్భసంచిని పట్టి ఉంచే తాడులాంటి కండ ఒకటుంటుంది. గొట్టంలోంచి ఒంటికంటితో చూసేటప్పుడు తొందరపడితే అది కూడా నాళంలాగే కనిపిస్తుంది. కుడిపక్క రింగు ఆ తాడు మీద ఉంది. ఎంత చక్కగా వేశానో, ఏడాదిన్నర గడిచినా కదలలేదు.

పెద్ద మేడం చేతిలోని ఫోర్సెప్స్ కొనతో రింగును ఒకసారి తాకి, నా వైపు చూసింది. శిబిరంలో ఆ టేబుల్ ఎవరిదో ఆమెకు తెలుసు. తర్వాత కుడి నాళం పట్టుకుని, కట్టి, కోసింది.

మర్నాడు రౌండ్స్‌లో ఓబులమ్మ మంచం మీద కూర్చుని ఉంది. బిడ్డ పక్కన నిద్రపోతోంది. ఆమె పెద్ద మేడంను అడిగింది.

"మేడం, నాదే తప్పేమో. ఆపరేషనైన ఇరవై దినాలకే కూలికి పోతి. శెనక్కాయ మూటలు ఎత్తితి. బరువెత్తితే రింగు ఊడిపోతాదని మా అత్త అంటాంది. నిజమేనా?"

పెద్ద మేడం, "అయ్యుండొచ్చు. ఈసారి రెండు నెలలు బరువులు ఎత్తొద్దు" అంది.

ఓబులమ్మ మొగుడు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ మాట విని, "చెప్తే యాడ వింటాది" అన్నాడు భార్య వైపు చూస్తూ. ఆమె తల వంచుకుంది.

నేను పెద్ద మేడం వెనక, చేతిలో కేసు షీట్లతో నిలబడి ఉన్నాను. "కాదమ్మా, నువ్వు బరువెత్తడం వల్ల కాదు, నేను రింగు తప్పు చోట వేశాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. వారం రోజులు ఆమె కుట్లు నేనే చూశాను. ఆ వారంలో ఏ రోజైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఏడో రోజు బిడ్డను పైట కింద కప్పుకుని తాడిపత్రి బస్సు ఎక్కడానికి వెళ్లిపోయింది.

పెద్ద మేడం ఆ రింగు విషయం తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. శిబిరాల్లో మాత్రం నాళం చివర వేళ్లలా విడిపోయే భాగం కనిపించేదాకా రింగు వేయొద్దని నాతో ప్రతిసారీ చెప్పించుకునేది. పని నేర్పడంలో ఆమెకు సాటి లేదు. ఆ తర్వాత ఆ తప్పు నేను మళ్లీ చేయలేదు. కానీ ఓబులమ్మ ఇప్పటికీ, బతికుంటే, తాను మూటలు ఎత్తినందుకే మూడో బిడ్డ పుట్టిందని అనుకుంటూ ఉంటుంది. అత్త ఎన్నిసార్లు అని ఉంటుందో, మొగుడు ఎన్నిసార్లు అని ఉంటాడో నాకు తెలియదు. ఆమె యాడుందో కూడా తెలియదు.

మంజుల

చాలా ఏళ్లు గడిచాయి. పెద్ద మేడం రిటైరై, కొన్నాళ్లకు పోయింది. థియేటర్లో కెమెరా, మానిటర్ వచ్చాయి. ఒంటికన్ను అక్కర్లేదు, లోపలిదంతా గదిలో ఉన్న అందరికీ కనిపిస్తుంది. నేను యూనిట్ చీఫ్ అయ్యాను.

మంజుల సంగతి ఆమె అనుమతితో రాస్తున్నాను. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. చిలమత్తూరు దగ్గర పల్లె. పదో తరగతి పాసై, హిందూపురం దిక్కు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసేది. తల్లి గంగమ్మ వెంట వచ్చింది. సంబంధం కుదిరిందని, నెలసరి "సరిగ్గా వస్తల్యా" అని తల్లి చెప్పింది. నేను మంజులను అడిగిన ప్రతి ప్రశ్నకూ తల్లే జవాబు చెప్పింది. ఆ పిల్ల గోడ మీది పటం చూస్తూ కూర్చుంది. తల్లిని కాసేపు బయటికి పంపాలని నాకు తోచలేదు. మీకు తోచాలి.

ఎక్కడో తీయించిన స్కానింగులో గర్భసంచి చాలా చిన్నదిగా ఉందని రాశారు. నాకు అనుమానం వచ్చి, లాప్రోస్కోపీ చేసి చూద్దామన్నాను. ఒప్పుకోలు కాగితం మీద మంజుల చక్కటి చేతిరాతతో సంతకం పెట్టింది.

లోపల చూశాను. రెండు అండాశయాలు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. సన్నటి నాళాలూ ఉన్నాయి. వాటి నడుమ ఉండాల్సిన గర్భసంచి లేదు. మూత్రాశయం వెనక మలాశయం దాకా నున్నటి ఖాళీ. పుట్టుకతోనే కొందరికి గర్భసంచి ఏర్పడదు, దానితోపాటే యోని దారి కూడా ఏర్పడదు. అరుదైన సంగతే గానీ, చదివినదే. చూడటం మాత్రం అదే మొదటిసారి. గదిలో అందరం మానిటర్ వైపు చూస్తూ ఉండిపోయాం. మా నర్సు సుగుణమ్మ మాత్రం మంజుల తల దగ్గరికి పోయి, మత్తులో ఉన్న ఆ పిల్ల నుదుటి మీద వెంట్రుకలు సరిచేసింది.

బయటికొచ్చి గంగమ్మకు చెప్పాను. ఆమె గోడకు చేరగిలబడి, మెల్లగా నేల మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"నాకు తెలుసు మేడం, ఏదో ఉండాదని" అంది. "పదహైదేండ్లు వచ్చినా పెద్దమనిషి కాల్యా. చుట్టాలంతా అడగబట్టిరి. ఏం చేయల్ల? అయిందని చెప్పేస్తి. చాప మీద కూర్చోబెడితి, నువ్వులు బెల్లం తినిపిస్తి, అందర్నీ పిలిస్తి. ఆ పొద్దు నుంచి నెలనెలా మూడు దినాలు బయట కూర్చోబెడతా ఉండా. చూసేవాళ్లకు అనుమానం రాకూడదని."

"మంజుల ఏమీ అడగలేదా?"

"అడగలే. కూర్చోమంటే కూర్చుంటాది."

తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆ బిడ్డకు చెప్పొద్దండి మేడం. చెప్తే బాయిలో పడతాది. నేను మెల్లగా చెప్పుకుంటా."

నేను సరేనన్నాను. ఇప్పుడే పెళ్లి చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. తలాడించింది. మంజుల లేచాక, "గర్భసంచి కొంచెం బలహీనంగా ఉంది, మందులు వాడు" అని చెప్పి బలం మాత్రలు రాశాను. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో రాశాను. కాగితంతో అబద్ధమాడే ధైర్యం నాకు లేదు, మనిషితో ఆడే ధైర్యం ఉంది. సంతకం ఆమెతో పెట్టించుకుని, ఫలితం వేరేవాళ్లకు చెప్పాను. ఆ రోజు అది నాకు దయలాగే అనిపించింది. అలా అనిపించేటప్పుడే మీరు జాగ్రత్తగా ఉండాలి.

తిరిగి వచ్చిన రోజు

ఐదు నెలల తర్వాత మంజుల ఒక్కతే వచ్చింది. ఓపీ వరసలో నిలబడి, చీటీ రాయించుకుని, తన వంతు వచ్చేదాకా ఆగి లోపలికి వచ్చింది. మెడలో కొత్త పసుపుతాడు. కుర్చీలో కూర్చుని, నేను రాసిన డిశ్చార్జి కాగితం నా ముందు పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"దీంట్లో ఏం రాసినారో చదవండి మేడం" అంది.

నేను చదవలేదు. పెళ్లయిందా అని అడిగాను.

"అయినాది. ఇరవై దినాలు ఉంటి ఆడ. ఆయప్పకు నాతో కాల్యా. ఎందుకు కాల్యానో నాకూ తెలీదు, ఆయప్పకూ తెలీదు. నొప్పితో అరిస్తే కొట్టినాడు. తరువాత వాళ్ల చిన్నాయన నా పెట్టెలో ఈ కాగితం చూసి, ఇంకో డాక్టరు దగ్గర చదివించుకోనొచ్చినాడు. అందరినీ కూర్చోబెట్టి చెప్పినారు మేడం. మామ, బావలు, పక్కింటోళ్లు. పదిమందిలో విన్నా నేను, నాకు గర్భసంచి ల్యాదని."

నా వెనక నిలబడ్డ హౌస్ సర్జన్ గదిలోంచి మెల్లగా బయటికి వెళ్లి తలుపు వేసింది.

"మీకు ముందే తెలుసు గదా?" అంది మంజుల.

"తెలుసు."

"నాకు చెప్పేదానికి ఏమైంది?"

"మీ అమ్మ వద్దంది. నువ్వు తట్టుకోలేవని..."

"కోసి చూసింది నా కడుపు గదా మేడం. మా అమ్మది కాదు గదా."

ఆమె గొంతు పెంచలేదు. ఏడవలేదు. నన్ను నేరుగా చూస్తూ అంది. సర్వీసులో మొదటిసారి ఒక పేషెంటుతో, "తప్పు నాది" అన్నాను. రెండే మాటలు, ఎప్పటి నుంచో అనాల్సినవి.

"ముందే తెలిసుంటే పెండ్లి నేనే వద్దంటుంటి" అంది. "పొయ్యేది పోయింది. ఇప్పుడన్నా చెప్పండి. అంతా చెప్పల్ల. మా అమ్మకు చెప్పినట్ల కాదు."

చెప్పాను. అండాశయాలు బాగున్నాయని, అందుకే ఆమె ఒళ్లు అందరి ఆడవాళ్లలాగే పెరిగిందని, గర్భసంచి లేదు గనక నెలసరి రాదని, బిడ్డను మోయలేదని. దారి లేకపోవడం వల్లే ఆ నొప్పి అని, అందులో ఆమె తప్పు గానీ పిరికితనం గానీ లేదని. దానికి చికిత్స ఉందని, దారి చేయొచ్చని.

"నేను ఆడదాన్నే గదా మేడం? వాళ్లు కాదన్నారు."

"ఆడదానివే."

ఆమె ఇంకా చాలా అడిగింది. కొన్ని ప్రశ్నలు ఏ అమ్మాయీ నన్ను అడగనివి. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిచోట తెలియదన్నాను. బయట వరస గొణుగుతూనే ఉంది. ఎవరినో తలుపు దగ్గర సుగుణమ్మ ఆపుతోంది, "ఏమప్పా, తొందరేముంది, కూర్చో" అంటూ.

వెళ్లేముందు తల్లి సంగతి అడిగాను.

"ఏమంటా మేడం? నెలనెలా బయట కూర్చోమంటే నేను ఊరికే కూర్చుంటి గదా. ఆమె నన్ను మోసం చేసినాది అనేదానికి నాకు నోరు రాదు. ఇద్దరం కలిసి చేసినాం."

ఆ పెళ్లి అక్కడితో తెగిపోయింది. ఆమె ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లింది.

రెండో ఆపరేషన్

రెండేళ్ల తర్వాత మంజుల మళ్లీ వచ్చింది, దారి చేసే ఆపరేషన్ కావాలని. ఎవరైనా సంబంధం చూశారా అని అడిగితే, "ఎవురి కోసమూ కాదు, నా కోసమే" అంది.

అప్పటికి నేను బెంగళూరులో ఒక సర్జన్ పక్కన నిలబడి ఆ ఆపరేషన్ చూశాను, ఆయన పక్కనుండగా ఒకటి చేశాను. అది మంజులకు చెప్పాను. లాప్రోస్కోపుతో లోపల చూస్తూ, మూత్రాశయానికీ మలాశయానికీ నడుమ సందు చేసి, కడుపు లోపలి సన్నటి పొరను కిందికి లాగి ఆ దారికి అస్తరులా కుట్టాలి. అస్తరు అనగానే ఆమెకు వెంటనే అర్థమైంది. "పొర లాగేటప్పుడు బిగువు ఎక్కువైతే చిరగదా?" అని అడిగింది. చిరగొచ్చన్నాను. మూత్రాశయానికి గానీ పేగుకు గానీ దెబ్బ తగలొచ్చని, తర్వాత నెలల తరబడి దారి మూసుకుపోకుండా రోజూ చూసుకోవాలని చెప్పాను. బెంగళూరులోనే చేయించుకుంటే మంచిదేమో ఆలోచించమన్నాను. చేయి తిరిగిన మనిషి దగ్గరికి పంపడం సర్జన్‌కు చిన్నతనం కాదు.

ఆమె ఇంకొకటి అడిగింది.

"మీరు చేస్తే, ఏమన్నా తప్పైతే, చెప్తారా?"

"చెప్తాను."

"అయితే మీరే చేయండి."

ఆపరేషన్ సగం దాకా బాగా సాగింది. పొర మెల్లగా కిందికి వస్తోంది. అప్పుడు సుగుణమ్మ, "మేడం, ఒంటేలు సంచి ఉబ్బుతాంది" అంది. మూత్రం పోయే ప్లాస్టిక్ సంచి గాలితో నిండుతోంది. కడుపులోకి మేం ఎక్కించిన గాలి మూత్రాశయంలోంచి అందులోకి వస్తోందంటే, మూత్రాశయానికి ఎక్కడో నేను కన్నం పెట్టానన్నమాట. ముందుకు పోకుండా ఆగి వెతికాను. గింజంత కన్నం. లోపలి నుంచే రెండు వరసలు కుట్టి, నీళ్లు నింపి, కారడం లేదని చూసుకున్నాను. అప్పుడు మిగతా పని ముగించాను.

బయట గంగమ్మ లేచి నిలబడింది. ఈసారి చేతులు పట్టుకోలేదు. ఏం జరిగిందని కళ్లతోనే అడిగింది.

"ప్రాణానికి భయం లేదు. మిగతాది మంజుల లేచాక ఆమెకు చెప్తాను. ఆమె చెప్పమంటే నీకూ చెప్తాను" అన్నాను.

"సరే మేడం, అట్లే కానీ" అని కూర్చుంది.

మర్నాడు ఉదయం మంచం పక్కన స్టూలు వేసుకుని మంజులకు చెప్పాను. నా పనిముట్టు తగిలి మూత్రాశయానికి కన్నం పడిందని, కుట్టానని, అది మానేదాకా రెండు వారాలు మూత్రం పోయే గొట్టం ఉంచుకోవాలని. ఆమె అప్పుడే పళ్లు తోముకుని పడుకుంది. ముఖం వాడిపోయి ఉంది. కోపం వస్తుందనుకున్నాను. రావాల్సిందే, వస్తే పడదామనుకున్నాను.

"మీరు చేసిందేనా, లేకుంటే నాకు పుట్టుకతో ఉండేదా?"

"నేను చేసిందే."

కళ్లు మూసుకుని, "రెండు వారాలంటే ఫ్యాక్టరీలో లీవు చెప్పల్ల" అంది.

రెండు వారాలకు గొట్టం తీశాం. మూత్రం మామూలుగా వచ్చింది. దారి నిలబడింది. ఆరు నెలలపాటు ప్రతి నెలా వచ్చింది, చెప్పినవన్నీ చేసింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో అంత పట్టుదల ఉన్నవాళ్లను ఎక్కువమందిని చూడలేదు.

కొత్తగా వస్తున్న డాక్టర్లకు ఇక్కడొక మాట. చేసిన తప్పు చెబితే కేసులు పడతాయని మిమ్మల్ని భయపెట్టేవాళ్లు ఉంటారు. పడొచ్చు. పడవని నేను హామీ ఇవ్వను. మీ మీద నమ్మకం ఉంచిన మనిషి తన ఒంటి గురించి మీకంటే తక్కువ తెలుసుకుని బతకడం ఎంత బరువో నేను రెండుసార్లు చూశాను. ఒకరికి చెప్పగలిగాను, ఒకరికి చెప్పలేకపోయాను. రెండూ నాతోనే ఉన్నాయి.

తిప్పేస్వామి

నేను రిటైరయ్యే ముందు ఏడాది మంజుల ఒకతన్ని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. ఫ్యాక్టరీ బస్సు నడిపే తిప్పేస్వామి. నలభై దగ్గర పడుతున్న మనిషి, భార్య పోయింది, బిడ్డలు లేరు. చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఈయప్పకు అంతా చెప్పినా మేడం" అంది మంజుల. "నేను చెప్పింది చాల్దంట. డాక్టరును ఒక మాట అడగల్ల అంటాండాడు."

నేను కొంచెం జంకాను. బిడ్డల కోసం ఏదైనా దారి ఉందా అని అడుగుతాడేమో, మందులు అంటాడేమో, ఆమె చెప్పింది అబద్ధమని తేల్చమంటాడేమో అనుకున్నాను.

అతను గొంతు సవరించుకున్నాడు. "బిడ్డల సంగతి ఆయమ్మ చెప్పినాది మేడం, దాంట్లో నాకు అడిగేది ఏం ల్యాదు. ఇంత పెద్ద ఆపరేషన్ అయింది గదా. ముందు ముందు ఆయమ్మ ఆరోగ్యానికి ఏమన్నా అయితాదా అని. నాకు ఒకసారి అయిపోయింది మేడం, మనిషి పోవడం. మళ్లీ అంటే నావల్ల కాదు."

జవాబు నాలుక చివరకు వచ్చింది. ఆగి, మంజుల వైపు తిరిగాను.

"చెప్పమంటావా?"

ఆమె అతని వైపు ఒకసారి చూసింది. తర్వాత నాతో, "చెప్పండి మేడం. అంతా చెప్పండి. లోపల ఒంటేలు సంచికి కన్నం పడింది కూడా చెప్పండి" అంది.

నేను కుర్చీ అతని వైపు జరుపుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.